మనాలీలో చేతితో స్నోబోర్డులు చేసే షెడ్డు పెడదామనుకుంటున్నా, మూడో బోర్డు పొర ఊడింది. సలహా ఇవ్వండి

హసన్‌పర్తి షెడ్డు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మాది వరంగల్ పక్కన హసన్‌పర్తి. బాపు వడ్రంగి. నా చిన్నప్పుడు ఎడ్లబండ్లు, నాగళ్లు, గొర్రులు చేసేవాడు. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తోలుకుపోయే బండ్లలో మా బాపు చేతి బండ్లు కూడా ఉండేవి. ట్రాక్టర్లు వచ్చి ఆ పని పోయింది. తర్వాత దర్వాజలు, కిటికీలు చేశాడు. రెడీమేడ్ తలుపులు వచ్చాక అదీ తగ్గింది. ఇప్పుడు నెలకు రెండు పనులు దొరికితే గొప్ప.

నేను ఐదేళ్ల కింద హోటల్ పనికి మనాలీ పోయాను. ఒక చలికాలం వంటింట్లో చేసి, తర్వాత సోలాంగ్ లోయలో స్కీలు, స్నోబోర్డులు కిరాయికి ఇచ్చే షాపులో చేరాను. అక్కడే రిపేర్లు నేర్చుకున్నాను.

స్నోబోర్డు చూడనివాళ్ల కోసం చెప్తున్నా. మంచు వాలు మీద నిలబడి జారే పలక అది. మనిషి గడ్డం దాకా పొడుగు, జానెడు మీద కొంచెం వెడల్పు. నడుమ మందం సెంటీమీటరుకు అటూ ఇటూ. రెండు కాళ్లూ దానికే బిగించి ఉంటాయి. కింద ప్లాస్టిక్ రేకు, దాని చుట్టూ సన్నటి ఉక్కు అంచు, పైన గాజు గుడ్డ (ఫైబర్‌గ్లాస్), నడుమ చెక్క, మళ్లీ గాజు గుడ్డ, ఆ పైన రంగు రేకు. కలిపాక గట్టిపడే ఎపాక్సీ రెజిన్ అనే జిగురు అన్నిటినీ పట్టి ఉంచుతుంది. లోపల చెక్క ఉంటుందని నాకు మొదటి ఏడు తెలియదు. ఒక విరిగిన బోర్డు రిపేరుకు వచ్చినప్పుడు, సన్నటి చెక్కపట్టీలు పక్కపక్కన అతికించి కనిపించాయి. ఫొటో తీసి బాపుకు పంపాను. పొద్దున్నే ఫోన్ చేసి, "మెత్త కర్ర, పోగంతా ఒకే దిక్కు పెట్టిండు, మంచి పనోడు" అన్నాడు. షెడ్డు ఆలోచన నాకు అక్కడ మొదలైంది.

ఆ షాపు దగ్గరికి పక్క ఊరి పిల్లలు వస్తారు. పుట్టినప్పటి నుంచి మంచులో ఉన్న పిల్లలు, భయం లేదు. కానీ వాళ్లకు దొరికేవి టూరిస్టులు వాడి వాడి పారేసిన బోర్డులు. పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె ఉంది, 38 కిలోలు. ఎక్కేది 158 సెంటీమీటర్ల మగవాళ్ల బోర్డు. మలుపు తిప్పాలంటే ఒళ్లంతా వేసి లాగాలి. ఆమె కోసం మొదటి బోర్డు చేశాను, 138 సెంటీమీటర్లు. పోయిన నవంబరులో ఇక్కడ మా షెడ్డులోనే. చెక్క బాపు రందా పట్టాడు. నడుమ 7 మిల్లీమీటర్లు, రెండు కొసలకు పోతుంటే 2 మిల్లీమీటర్లకు దిగాలి. ఆయన కొలత కర్ర పక్కన పెట్టి, వేలితో తడిమి దించాడు. తర్వాత వెర్నియర్ పెట్టి చూస్తే ఎక్కడా అర మిల్లీమీటరు కూడా తేడా లేదు. రెండో బోర్డు నాకు చేసుకున్నాను. రెండూ కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి ఢిల్లీ, అక్కడి నుంచి బస్సులో తీసుకుపోయాను. చలికాలమంతా వాడాం, ఏమీ కాలేదు.

మూడోది జనవరిలో మనాలీలోనే, అద్దె గదిలో చేశాను. ఫిబ్రవరిలో నేనే ఎక్కి చూశాను. నాలుగో సారి దిగుతుంటే వెనక కాలి కింద "పట్" మన్నది. ఆగి తిప్పి చూస్తే, తోక దగ్గర కింది రేకు అంచుతో సహా బెత్తెడు మేర లేచి ఉంది. వేలు పెడితే లోపలికి పోయింది. అక్కడే మంచులో కూర్చుండిపోయాను. ఆ అమ్మాయి తమ్ముడు అంతకుముందు రోజే, "అన్నా, ఇది నాకిస్తావా" అని అడిగి ఉన్నాడు.

నా దగ్గర 4 లక్షల 20 వేలు ఉన్నాయి. మొదటి రెండు బోర్డులకు సామాన్లకే ఒక్కోదానికి 17 వేలు పడింది, బయటి దేశం నుంచి తెప్పించాను కాబట్టి. మూడోదానికి 9 వేలే. కొత్త బోర్డులు విదేశాల్లో 400 నుంచి 600 డాలర్లు ఉంటాయి. షాపు ఓనరు, ఒక సీజన్ తట్టుకుంటే 20 వేల చొప్పున పది కొంటానన్నాడు.

అడిగేది ఇదే. పొర ఎందుకు ఊడింది? షెడ్డు అక్కడ పెట్టాలా, ఇక్కడేనా? నాలుగు లక్షలతో దిగొచ్చా? బాపు వద్దనడు, అవుననడు. "నీకు కర్ర మీద మనసు పడ్డది, నాకు అది చాలు" అంటాడు. నాకేమో రాత్రిళ్లు టెన్షన్.

ఫైబర్ పని, బాలానగర్:

తమ్మీ, మాది పరకాల. ఇరవై ఏళ్లుగా ఫైబర్‌గ్లాస్ పనిలో ఉన్నాను, ట్యాంకులు, పడవలు, బస్సుల ముందు భాగాలు. స్నోబోర్డు ముట్టుకోలేదు కానీ నువ్వు చెప్పిన పొరలన్నీ నాకు తెలిసినవే.

ముందు నాలుగు సంగతులు చెప్పు. మూడో బోర్డు చేసిన రోజు గదిలో వేడి ఎంత? ఒత్తిడి ఎట్లా పెట్టావు? కింది రేకు మొదటి రెండిటికి వాడినదేనా? అన్నిటికన్నా ముఖ్యం, ఊడిన రేకు లోపలి వైపు ఎట్లా ఉంది? నున్నగా, శుభ్రంగా ఉందా, లేక రెజిన్ అంటుకుని ఉందా? గోరుతో గీకితే రెజిన్ గట్టిగా ఉందా, మైనంలా ఉందా?

హసన్‌పర్తి షెడ్డు:

అన్నా, గదిలో హీటరు ఉంది కానీ రాత్రి కరెంటు పోయింది. పొద్దున చూస్తే 6 డిగ్రీలు. మొదటి రెండూ చెక్క అచ్చుల నడుమ పెట్టి, క్లాంపులు, రెండు లారీ జాకీలతో నొక్కాను. అచ్చులు అంత దూరం మోయలేక మూడోదానికి పాత ఫ్రిజ్ కంప్రెషర్‌తో గాలి లాగి, సంచిలో పెట్టాను. రేకు వేరే. మొదటిది బోర్డుల కోసమే అమ్మే రేకు, ఒక వైపు గరుకుగా ఉంటుంది. మూడోది ఫ్యాక్టరీలలో గరాటులకు లోపల వేసే పాలిథిలీన్ షీటు. పేరు అదే, గ్రేడు అదే అన్నారని తీసుకున్నా. సాండ్‌పేపరు పట్టాను.

ఊడిన చోట రేకు నున్నగా, తెల్లగా ఉంది. ఒక్క చుక్క రెజిన్ లేదు. అంచు పక్కన రెజిన్‌లో గోరు దిగింది.

ఫైబర్ పని, బాలానగర్:

నీ జవాబులోనే ఉంది తమ్మీ. వేడి, ఒత్తిడి, రేకు, మూడూ ఒకేసారి మార్చావు.

రేకు సంగతి మొదలు. ఆ పాలిథిలీన్‌కు ఏదీ అంటదు. అంటదు కాబట్టే మంచు మీద అంత బాగా జారుతుంది, గరాటులో బొగ్గు అంటకుండా దిగుతుంది. బోర్డుల కోసం అమ్మే రేకుకు ఒక వైపు మంట తగిలించి, పైపొర గుణం మార్చి ఇస్తారు. అందుకే అది రెజిన్‌ను పట్టుకుంటుంది. సాండ్‌పేపరు గరుకు చేస్తుంది కానీ ఆ గుణం మార్చదు. గ్యాస్ టార్చి నీలిమంటతో, రేకు మెరుపు మారకుండా, ఒక్క చోట ఆగకుండా తుడిచినట్టు పోనిచ్చి, అదే రోజు అతికించాలి. పరీక్ష సులువు. నీళ్లు చల్లు. చుక్కలు గుండ్రంగా నిలబడితే అంటదు. పొరలా పరుచుకుంటే అంటుతుంది.

రెండు, వేడి. మామూలు ఎపాక్సీకి 20, 25 డిగ్రీలు ఉండాలి. పది డిగ్రీలు తగ్గితే గట్టిపడే వేగం సుమారు సగమవుతుంది. 6 డిగ్రీల్లో అది దాదాపు నిద్రపోతుంది. నీ గోరు దిగింది అందుకే. తర్వాత ఎండలో పెడితే కొంత గట్టిపడుతుంది కానీ ఆలోపు నువ్వు సంచి విప్పేశావు, పొరలు కదిలాయి.

మూడు, గాలి లాగే పద్ధతి. సంచిలో గాలి తీసేస్తే నొక్కేది బయటి గాలి బరువే. వరంగల్ సముద్ర మట్టానికి 270 మీటర్ల ఎత్తు, మనాలీ 2,050 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి కింద ఉన్నదానిలో ఐదో వంతు తక్కువ. అదే పంపు, అదే సంచి, నొక్కుడు తక్కువ. గాలి లాగే పద్ధతిలో ఎంత చేసినా చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాటదు, నీకు అక్కడ ముప్పావు కిలో కూడా అంది ఉండకపోవచ్చు. పాత ఫ్రిజ్ కంప్రెషర్ పూర్తిగా లాగకపోవచ్చు.

నీకు కావలసింది గాలి ప్రెస్సు. ఇనుప దూలాల చట్రం, లోపల పై అచ్చు, కింది అచ్చు, నడుమ ఫైరింజన్ గొట్టం రెండు కొసలూ మూసి పెట్టి, కంప్రెషర్‌తో గాలి ఎక్కించడం. చిన్న తయారీదారులు చాలామంది ఇట్లాగే చేస్తారు. కానీ లెక్క గుర్తుంచుకో. నీ బోర్డు విస్తీర్ణం సుమారు 4,000 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 3 కిలోలు పెడితే 12 టన్నులు. వెల్డింగు తెగితే మనిషి పోతాడు. లారీ చాసిస్‌లు కట్టే వాళ్లతో చేయించు, మొదటిసారి గాలి ఎక్కించేటప్పుడు గది బయట నిలబడు.

ఇంకో మాట, దీనిమీద నాకు పట్టుదల. ఎపాక్సీ చేతులకు తగలనీయకు. నాతో పని చేసినవాళ్లలో ఇద్దరికి చర్మం పొంగి పని మానేశారు. ఒకసారి ఒంటికి పడకపోతే జీవితాంతం పడదు. నైట్రైల్ గ్లౌజులు, గాజు కోసేటప్పుడు డస్టు మాస్కు. బాపుకు కూడా. ఆయన మొహమాటపడతాడు, నువ్వు తొడుగు.

పొనికి చెక్క:

బిడ్డా, నాది నిర్మల్. కొయ్యబొమ్మల పని. మీ బాపు ఏళ్ల వాడినే. కర్ర గురించి నాలుగు మాటలు చెప్తా.

మా బొమ్మలకు పొనికి వాడతాం. చేతిలో పెడితే దూదిలా ఉంటుంది, కత్తి వెన్నలో దిగినట్టు దిగుతుంది. ఎవరైనా తేలిక కదా అని దాన్ని బోర్డులో పెట్టమంటే పెట్టకు. మేకు పట్టదు. బొమ్మ నిలబడి ఉంటుంది, నీ బోర్డు మీద మనిషి ఎగురుతాడు. కాళ్లు బిగించే మరలు గుంజుతాయి. మెత్త కర్రకు నడుమ, మరలు వచ్చే వరస మేర గట్టి కర్ర పట్టీలు వేయాలి.

రెండోది తడి. కర్ర తడి తాగుతుంది, వదులుతుంది. మన దగ్గర వానకాలంలో రందా పట్టిన పట్టీ, చలికాలం హిమాలయాల్లో హీటరు గదిలో పెడితే ఎండి ముడుచుకుంటుంది. మీ బాపు చేసిన దర్వాజ వానకాలంలో బిగుసుకుని ఎండాకాలంలో వదులు కావడం నువ్వు చూసే ఉంటావు. దర్వాజకు రందా పట్టొచ్చు. రెజిన్‌లో మూసిన కర్రకు ఏమీ చేయలేవు, అది లోపలే గుంజుతుంది. నవంబరులో చేసిన రెండూ బతికాయంటే అప్పటికి గాలి ఎండి ఉంది. తడి చూసే మీటరు ఒకటి కొను, పెద్ద ఖరీదు కాదు. ఎనిమిది శాతం దగ్గర ఉన్నప్పుడే అతికించు.

ఇంకొకటి. పట్టీలు అతికించేటప్పుడు చెట్టు వలయాలు ఒకదానికి ఒకటి ఎదురు తిప్పి పెట్టు. అన్నీ ఒకే దిక్కు ఉంటే పలక మొత్తం ఒకే పక్కకు వంగుతుంది. ఇది మీ బాపుకు చెప్పనక్కర్లేదు, నీకు చెప్తున్నా.

పద్దు పుస్తకం, కరీంనగర్:

తమ్ముడూ, బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. నీ నాలుగు లక్షల గురించి మాట్లాడతాను.

మొదట స్థలం. హిమాచల్‌లో బయటివాళ్లు భూమి కొనడం తేలిక కాదు. అక్కడి 1972 కౌలు, భూసంస్కరణల చట్టంలో 118వ సెక్షన్ ఉంది. ఆ రాష్ట్రంలో వ్యవసాయదారు కానివాళ్లకు ప్రభుత్వ అనుమతి లేకుండా భూమి బదిలీ కాదు. ఎవరైనా "వాళ్ల పేరు మీద కొను, నీ పేరు మీద కాగితం రాసుకుందాం" అంటే ఒప్పుకోకు. పైసలు పోతాయి, స్నేహం పోతుంది. అద్దెకు తీసుకో, అగ్రిమెంటు రాయించుకో. అక్కడి వ్యక్తితో కలిసి చేస్తే భాగస్వామ్య పత్రం రిజిస్టరు చేయించు.

అప్పు సంగతి. పీఎం విశ్వకర్మ అని 2023 సెప్టెంబరు 17న మొదలైన పథకం ఉంది. 18 చేతివృత్తుల్లో వడ్రంగం మొదటిది. పనిముట్లకు 15 వేలు, మొదటి విడత లక్ష, రెండో విడత 2 లక్షలు, వడ్డీ 5 శాతం, తాకట్టు లేదు. కుటుంబానికి ఒక్కరికే. మీ బాపు పేరు మీద పెడితే న్యాయంగా ఉంటుంది, చెయ్యి ఆయనది. నువ్వు పెద్దగా పోవాలనుకుంటే పీఎంఈజీపీ అని, కొత్త యూనిట్లకు సబ్సిడీతో అప్పు ఇప్పించే కేంద్ర పథకం ఉంది. తయారీ యూనిట్‌కు 50 లక్షల ప్రాజెక్టు దాకా ఇస్తారు, కొండ ప్రాంతాలవాళ్లకు సబ్సిడీ ఎక్కువ. కానీ ఐదేళ్లలో పీఎంఈజీపీ లాంటి లోన్ తీసుకున్నవాళ్లకు విశ్వకర్మ రాదు. ఏది ముందో ఆలోచించి పెట్టండి.

ఇప్పుడు నా సొంత మాట. ఆ నాలుగు లక్షల్లో రెండు లక్షలు కదలనీయకు. మంచు పడని ఏడు నిన్ను బతికించేది అదే. ఆ ఓనరు పది బోర్డుల మాట నోటి మాటే. రెండు బోర్డులు ఊరికే వాడుకోమని ఇచ్చి, సీజన్ చివర కాగితం మీద ఆర్డరు తీసుకో.

గుల్మార్గ్ మాజీ:

జై హింద్ తమ్ముడూ. మాది జగిత్యాల. సైన్యంలో ఉన్నప్పుడు గుల్మార్గ్‌లో స్కీలు నేర్చుకున్నాను. కరీంనగర్ అక్క చెప్పిన "మంచు పడని ఏడు" గురించి ఒక మాట. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో నేల కనిపించింది. నడిచిన కొండలే, ఫొటోలు చూసి నమ్మలేకపోయాను. మంచు ఆ నెలాఖరుకు గానీ రాలేదు. ఒక్క లోయను నమ్ముకుని కిరాయి కట్టొద్దు. సోలాంగ్‌లో లేకపోతే అటల్ టన్నెల్ దాటి సిస్సు వైపు ఉండొచ్చు, అక్కడ లేకపోతే ఉత్తరాఖండ్‌లో ఔలీ. బోర్డులు తిరగాలి, షెడ్డు తిరగక్కర్లేదు.

నా మాట వింటే షెడ్డు హసన్‌పర్తిలోనే పెట్టు. మనాలీలో ఒక చిన్న గది, రిపేరు బల్ల, అంచులు పదును పెట్టే ఆకురాయి, బోర్డు అడుగుకు మైనం పట్టించే ఇస్త్రీపెట్టె చాలు. అక్కడ నీకు రోజూ పైసలు తెచ్చేది రిపేరే. చెక్కకు హర్యానాలో యమునానగర్ చూడు, పాప్లర్ అనే మెత్త కర్రతో ప్లైవుడ్ చేసే కార్ఖానాలు బోలెడు. ఢిల్లీ నుంచి దూరం కాదు, పోతూ వస్తూ పట్టీలు ఏరుకోవచ్చు.

ప్రతి బోర్డుకూ నంబరు వేయి. చేసిన తేదీ, ఆ రోజు గది వేడి, రెజిన్ డబ్బా నంబరు, ఎంత బరువు మనిషికి చేశావో పుస్తకంలో రాయి. ఒకటి ఊడితే, అదే రోజు చేసినవన్నీ వెనక్కి తెప్పించగలగాలి. పిల్లలు ఎక్కుతారంటున్నావు కాబట్టి ఇది తప్పదు.

హసన్‌పర్తి షెడ్డు:

అందరికీ దండాలు. జవాబు ఆలస్యమైంది, పని చేస్తూ ఉన్నా.

షెడ్డు ఇక్కడే పెట్టాలని తేల్చుకున్నాం. అక్కడ చలికాలానికి రిపేరు గది ఒకటి అద్దెకు మాట్లాడాను. విశ్వకర్మకు బాపు పేరు మీద కాగితాలు సిద్ధం చేస్తున్నా. అక్కా, రెండు లక్షలు బ్యాంకులో ఏడాదికి ఫిక్స్ చేశాను.

బాలానగర్ అన్న చెప్పినట్టు ఒక్కొక్కటే మార్చి చూశాం. ఇక్కడ ఇప్పుడు మే, షెడ్డులో 42 డిగ్రీలు. మొదటి రోజు మధ్యాహ్నం కలిపిన రెజిన్ పది నిమిషాల్లో కప్పులోనే వేడెక్కి పొగ వచ్చింది. అప్పటి నుంచి తెల్లవారుజామున నాలుగింటికి లేచి, తక్కువ తక్కువ కలుపుతున్నాం. ఆ పాత షీటునే ఆరు ముక్కలు కోసి, మూడింటికి మంట పట్టి, మూడింటికి ఊరికే సాండ్‌పేపరు పట్టి, చెక్కకు అతికించి, వారం ఆగి ఉలితో లేపాం. ఊరికే సాండ్‌పేపరు పట్టినవి మూడూ పొట్టు ఊడినట్టు వచ్చాయి. మంట పట్టిన మూడింటిలో రెండింటికి చెక్కే చీలింది, పోగులు రేకుకు అంటుకుని వచ్చాయి. మూడోది సగం ఊడింది. మంట ఒక చోట ఎక్కువ ఆగిందని బాపు చూపించాడు, అక్కడ రేకు మెరుస్తోంది.

నిర్మల్ పెద్దాయనకు: వలయాల మాట బాపుకు చదివి వినిపించాను. నవ్వి, "ఆయన చేసిన బొమ్మ చూడాలని ఉంది" అన్నాడు. మీటరు కొన్నాను. మా పట్టీలు 11 చూపిస్తున్నాయి, రేకుల కప్పు కింద ఎండబెడుతున్నాం.

ప్రెస్సు చట్రం వచ్చే వారం వెల్డింగ్ షాపు నుంచి వస్తుంది. మొదట చేసేది 128 సెంటీమీటర్లది, ఆ తమ్ముడికి. వాడి బరువు వాళ్ల అక్కను అడిగి పంపించమన్నాను. 29 కిలోలట.